పిల్లనడగని పెళ్లి

శనివారం పొద్దున్నే లొరెయిన్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కోడలి కష్టాలు చదువుతోంది. నిజం కష్టాలు కావు, లాయరు రాసి పంపిన కష్టాలు. మొత్తం తొమ్మిది పేజీలు. ఆ కోడలేమో పొయ్యి దగ్గర నిలబడి రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లి వేసి దోరగా వేయిస్తోంది. మొహంలో ఒక్క కష్టమూ కనిపించడం లేదు.

కోడలి పేరు జోవెలిన్. ఫిలిప్పీన్స్‌లో సముద్రం ఒడ్డున సాన్ ఇసిద్రో అనే ఊరు వాళ్లది. నాలుగేళ్ల కింద ఎక్స్‌ఛేంజ్ వీసా మీద సైన్సు టీచరుగా అరిజోనాలోని ఈ కాపర్ బెండ్‌కు వచ్చి, లొరెయిన్ ఇంట్లో వెనక గదిలో అద్దెకు దిగింది. నిరుడు ఎండాకాలం ఆ గదిలో కుళాయి కారుతోందంటే బాగుచెయ్యడానికి లొరెయిన్ కొడుకు ట్రావిస్ వచ్చాడు. బోరు మోటార్లు విప్పి బిగించడమే వృత్తిగా ఉన్న మనిషి ఆ ఒక్క కుళాయి కోసం పదకొండుసార్లు వచ్చాడు. మొన్న ఫిబ్రవరిలో ఇద్దరూ కోర్టులో పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయి మూడు నెలలైనా జోవెలిన్ అత్తగారిని ఇంకా 'మేడమ్' అనే పిలుస్తుంది. పేరు పెట్టి పిలవమని లొరెయిన్ మొత్తుకుంటుంది. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ సముద్రం ఈదుకుంటూ వచ్చి చెంప వాయిస్తుందని జోవెలిన్ అంటుంది.

చిక్కంతా ఆ వీసాతోనే వచ్చింది. ఇచ్చేటప్పుడే వాళ్లు సంతకం పెట్టించుకుంటారు. గడువు కాగానే సొంత దేశం వెళ్లి, ఇక్కడ నేర్చుకున్నది అక్కడివాళ్లకు పనికొచ్చేలా రెండేళ్లు ఉండాలి. ఆ తర్వాతే ఇక్కడ స్థిరపడతానని అడగాలి. ఇక్కడివాణ్ణి పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ రెండేళ్లు మాఫీ కావు. జూన్ నెలాఖరుకు జోవెలిన్ గడువు తీరిపోతుంది. లాయరు చూపించిన దారి ఒకటే. భార్య లేకుండా ఇక్కడా బతకలేను, భార్యతో వెళ్లి అక్కడా బతకలేను అని మొగుడు రుజువు చెయ్యాలి.

"ఇది విను," అంది లొరెయిన్ కళ్లజోడు సర్దుకుంటూ. "'ట్రావిస్ ప్రాణాంతకమైన మధుమేహంతో పోరాడుతున్నాడు.' ఎంత బాగా రాశాడో చూశావా?"

"రోజుకో మాత్ర వేసుకుంటాడు మేడమ్. అది కూడా నేను గుర్తుచేస్తే."

"అదే మరి పోరాటమంటే. 'భార్య స్వగ్రామంలో వైద్యం లేదు, శుభ్రమైన నీరు లేదు, శాంతిభద్రతలు లేవు. ఆ ప్రాంతం మనిషి నివసించడానికి తగినది కాదు.'"

జోవెలిన్ పొయ్యి ఆపేసింది. "ఆ చివరి మాట తీసెయ్యమనండి."

"అదే అన్నిటికంటే ముఖ్యమన్నాడమ్మా లాయరు."

"నేను పుట్టి పెరిగింది అక్కడే. నేను మనిషిని కానా?"

లొరెయిన్ ఇరవై ఏడేళ్లుగా ఊరి నీళ్ల ఆఫీసు కౌంటర్లో కూర్చుంటోంది. ఆవిడ దృష్టిలో ఫారమ్ అంటే నింపేది, మనసుకు పట్టించుకునేది కాదు. "ఎవడు చదువుతాడే పిచ్చిదానా. ముద్ర వేస్తాడు, బీరువాలో పడేస్తాడు. నువ్వు మాత్రం ఇక్కడ ఉంటావు."

అంతలో ట్రావిస్ చేతులకు గ్రీజుతో లోపలికొచ్చి, గిన్నెలోంచి రెండు వేళ్లతో అన్నం తీసి నోట్లో వేసుకున్నాడు. "ఏంటి, నేను పోయానా ఇంకా ఉన్నానా ఆ కాగితంలో?"

"ఏడో పేజీలో మూలుగుతున్నావు," అంది జోవెలిన్. నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఒక మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది. నువ్వు నాతో రాకూడదూ అని అడగాలని ఉంది. అడిగితే బతిమాలినట్టు ఉంటుందని అడగలేదు. అతనికీ వస్తానని అనాలనే ఉంది. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే కేసు ఆ రోజుతో సరి అని లాయరు మొదటి రోజే చెప్పాడు. ఇలా ఇద్దరూ ఎవరి మాట వాళ్లు మింగి రెండు నెలలు కాపురం చేశారు. నన్నడిగితే ఆ తొమ్మిది పేజీల్లో లేని కష్టం అదొక్కటే.

"ఇంకొకటుంది," అంది లొరెయిన్ ఆఖరి పేజీ తిప్పి. "మీ అమ్మగారు కూడా ఒక ఉత్తరం రాయాలట. మా ఊరు మా అల్లుడు ఉండదగినది కాదని. సొంత ఊరివాళ్లే చెబితే బలమట."

 జోవెలిన్ అన్నం మూడు పళ్లాల్లో పెట్టి, తను తినకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అయిదింటికి అమ్మకు వీడియో కాల్ చేసింది. అక్కడ ఆదివారం పొద్దున్న ఎనిమిది. వాళ్లమ్మ పురిటా అప్పుడే చర్చి నుంచి వచ్చి, గంజి పెట్టిన జాకెట్టుతోనే ఫోన్ పట్టుకుంది. ముప్పై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఫోన్లో మాట్లాడినా చివరి బెంచీకి వినబడేలా మాట్లాడుతుంది.

"ఇందాయ్, ముందు ఇది చూడు." వాళ్ల ప్రాంతంలో ఆడపిల్లను ముద్దుగా అలాగే పిలుస్తారు. "మీ నాన్న ఉన్నప్పటి గది ఖాళీ చేయించాను. అల్లుడు ఆరడుగుల మనిషి కదా, కాళ్లు బయటికి వేలాడకుండా మంచం చేయించాను. వడ్రంగి నవ్వాడు, పడవ చేయిస్తున్నారా టీచర్ గారూ అని. ఎప్పుడైనా వస్తే ఉంటుందిలే."

జోవెలిన్ ఆ మంచాన్ని చూసింది. దుప్పటి కూడా పరిచి ఉంది. అడగాల్సిన మాట అడగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. లాయరు గురించి చెప్పింది, వీసా గురించి చెప్పింది, తిప్పి తిప్పి చివరికి ఉత్తరం దగ్గరికి వచ్చింది.

 పురిటా వెనకాల ఎక్కడో కోడి కూస్తోంది.

"అలా రాస్తే నిన్ను ఉండనిస్తారా?"

"ఉండనిస్తారట."

"సరే. ఎప్పటికి కావాలి?"

"అమ్మా, నీకు ఇష్టం లేకపోతే..."

"ఎప్పటికి కావాలో చెప్పు ఇందాయ్. నీట్‌గా రాయాలి కదా."

కోప్పడి ఉంటే జోవెలిన్‌కు హాయిగా ఉండేది. ఫోన్ పెట్టేశాక బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

బుధవారం సాయంత్రం ఉత్తరం జోవెలిన్ ఫోన్లోకి వచ్చింది, ఆమె దాన్ని అత్తగారికి పంపింది. లొరెయిన్ ఆఫీసులో దాన్ని అచ్చు తీసుకుని, ఇంటికి వస్తూనే వంటింట్లో నిలబడి పైకి చదవడం మొదలుపెట్టింది. గీత గీసినట్టున్న అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"'గౌరవనీయులైన అధికారి గారికి. నేను ముప్పై ఆరేళ్లు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. మా ఊళ్లో తాగడానికి మంచి నీరు లేదు. డాక్టరు లేడు. నా అల్లుడు ఇక్కడ బతకలేడు.' అబ్బ, ఎంత బాగా రాసిందమ్మా మీ అమ్మ. లాయరు దీన్ని పటం కట్టించుకుంటాడు."

"చాలు మేడమ్."

"ఇంకా ఉంది, విను."

"చాలన్నాను." జోవెలిన్ గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ వినబడలేదు. కూరలు తరుగుతున్న ట్రావిస్ కత్తి ఆపాడు. "మా ఊళ్లో డాక్టరు ఉంది. మా అమ్మ దగ్గర చదువుకున్న పిల్లే. ఆదివారం కూడా ఆస్పత్రి తీస్తుంది. పరీక్షలో పక్కవాణ్ణి చూసి రాశాడని మా అమ్మ మేయర్ కొడుకును అదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోబెట్టింది. బదిలీ చేస్తామన్నారు, చేసుకోండి అంది. అలాంటి మనిషి చేత అబద్ధం రాయించాను నేను. ఈ కాగితం పంపను. దేని మీదా సంతకం పెట్టను."

"పెట్టక ఏం చేస్తావు?"

"మాటిచ్చి వచ్చాను, వెళ్తాను. మా ఊరి హైస్కూల్లో రెండేళ్లు పాఠాలు చెబుతాను. ఆ తర్వాత అక్కడి నుంచే దరఖాస్తు పెడతాను. అప్పుడు ఎవరూ ఎవరి ఊరినీ తిట్టక్కర్లేదు. తలుపు దగ్గర దొంగలా నక్కి లోపలికి రావడం నాకొద్దు మేడమ్. తలెత్తుకుని వస్తాను."

లొరెయిన్ మొహం ఎర్రబడింది. "ఓహో. నేను లాయరును వెతికి, కాగితాలు మోసి, సెలవులు పెట్టి తిరిగితే అది దొంగతనమైందా? నువ్వు వెళ్తావు. నీ వెనకే వీడూ వెళ్తాడు. నా ఒక్కగానొక్క కొడుకుని పట్టుకుపోతున్నానని సూటిగా చెప్పరాదూ?"

"నేను రమ్మనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. కావాలంటే అడగండి."

"అనలేదు," అన్నాడు ట్రావిస్. కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అంటుందేమోనని రెండు నెలలుగా చూస్తున్నాను. నేనే అంటాను ఇక. నేనూ వెళ్తానమ్మా."

"లాయరు ఆ మాట అనొద్దన్నాడు."

"అందుకే కదా ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. పెళ్లి రోజు భోజనాల దగ్గర జోవెలిన్ స్కూల్లోని ఫిలిప్పీన్స్ టీచర్లు నన్ను ఏడిపించారు, గుర్తుందా? 'మా దగ్గరైతే పిల్ల కావాలంటే ముందు వాళ్లింట్లో కట్టెలు కొట్టాలి, నీళ్లు మొయ్యాలి. నువ్వేం చేశావు, కోర్టులో ఇరవై నిమిషాలు నిలబడ్డావు' అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. నిజమే కదా, ఏం చేశాను నేను? నీళ్లు పైకి తేవడమొక్కటే నాకు తెలిసిన పని. ఆ పని అక్కడ లేకపోతుందా? రెండేళ్లు వాళ్లింట్లో పనిచేసి వస్తాను."

 ఎంత ఆపుకుందామన్నా జోవెలిన్ కళ్లు ఆగలేదు.

"బాగుంది. ఇద్దరూ ఒకటైపోయారు, మధ్యలో నేను పిచ్చిదాన్ని," అని లొరెయిన్ చేతిలో కాగితంతోనే వరండాలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎవరూ వెంట వెళ్లలేదు. అర్ధగంట గడిచింది. లోపలికి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు చేతిలో ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మిగతాది చదివాను. నువ్వు చదివావా?"

"లేదు మేడమ్. మొదటి రెండు లైన్లు చూసి ఆపేశాను."

లొరెయిన్ నెమ్మదిగా చదివింది. "'మా ఇల్లు చిన్నది. మా ఆచారం ప్రకారం అబ్బాయి తరఫు పెద్దలు ఇంటికి వచ్చి పిల్లను అడుగుతారు. నా కూతుర్ని అడగడానికి ఎవరూ రాలేదు. రాదగిన ఇల్లు కాదని వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. వాళ్లను నేను తప్పు పట్టడం లేదు.'" కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది మాత్రం లాయరు చెప్పి రాయించింది కాదు కదా?"

"కాదు."

"ఎవరు వెళ్లి అడగాలి?"

"అబ్బాయి అమ్మానాన్నలు. మన ఇంట్లో అయితే మీరొక్కరే. వండుకున్నవి పట్టుకుని వెళ్లాలి. అందరూ కలిసి తిని, అప్పుడు అడగాలి."

"నాకెందుకు చెప్పలేదే?"

జోవెలిన్ తల దించుకుంది. "గడువు దగ్గర పడుతోందని తొందరలో చేసుకున్నాం. మీరేమో ఇక్కడి మనిషి. అంత దూరం వచ్చి మా అమ్మ ముందు కూర్చుని అడగండని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అమ్మకు నేనే ఏదో సర్దిచెప్పుకున్నాను. ఆవిడ ఇలా అనుకుంటోందని నాకు తెలీదు మేడమ్."

"ఆవిడ ఇన్నాళ్లూ నేను ముక్కు మూసుకుని కూర్చున్నాననుకుంది. ఆ ఇల్లు నేను చూడనైనా లేదు." లొరెయిన్ ముక్కు చీదుకుంది. "నా కొడుకు కోసం నేను ఇలాంటి ఉత్తరం రాయగలనా? మా ఊరు పాడు ఊరు, మా ఇల్లు పాడు ఇల్లు అని? చచ్చినా రాయను. ఆవిడ రాసింది. నాకంటే గట్టిది. ఫోన్ కలుపు."

"ఇప్పుడా?"

"అక్కడ తెల్లారింది కదా? అయిదు నిమిషాలు ఆగు."

లోపలికి వెళ్లి చర్చికి వెళ్లేటప్పటి నీలం గౌను వేసుకుని, పెదాలకు రంగు పూసుకుని వచ్చింది. ట్రావిస్‌ను చొక్కా మార్చుకోమంది. గ్రీజు మరకలు వదలని చేతులు కనబడకుండా కింద పెట్టుకోమంది. ఫోన్ చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టారు.

పురిటా కనిపించగానే లొరెయిన్ నిటారుగా కూర్చుంది. నీళ్ల ఆఫీసులో మేయర్‌నే వరసలో నిలబడమనే మనిషి, ముందు గౌను మడతలు సరిచేసుకుంది.

"నమస్కారమండీ. నేను ట్రావిస్ అమ్మను. మీ ఉత్తరం చదివాను. దాన్ని ఎవరికీ పంపడం లేదు. పిల్లలిద్దరూ జూన్‌లో మీ దగ్గరికి వస్తున్నారు, రెండేళ్లుంటారు."

పురిటా చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. "నా కూతురు అక్కడ ఉండటానికి కదా నేను..."

"ఉంటుంది. మీ దగ్గర ఉండి, మళ్లీ సొంత ఇంటికి వచ్చినట్టు ఇక్కడికి వస్తుంది. నేను ఫోన్ చేసింది అందుకు కాదు." లొరెయిన్ ఊపిరి తీసుకుంది. "ఇది నాలుగు నెలల ముందు చెయ్యాల్సిన పని. తెలియక చెయ్యలేదు. మా అబ్బాయికి మీ అమ్మాయిని ఇవ్వమని అడుగుతున్నాను."

  పురిటా ముందు కళ్లు తుడుచుకుంది. తర్వాత నెరిసిన జుట్టు సర్దుకుంది. తర్వాత మెల్లగా తలెత్తింది. మూడు నెలలుగా అల్లుడింటి మాట వస్తే ఒదిగి ఒదిగి మాట్లాడిన అమ్మ పోయి, బడి మెట్ల మీద నిలబడి ఊరినంతా నిలదీసే టీచరమ్మ తెర మీద కనిపించింది.

"బలాయే," అంది పురిటా. వాళ్ల భాషలో వియ్యపురాలా అని. ఆ పిలుపు లొరెయిన్‌కు అర్థం కాలేదు. జోవెలిన్‌కు మాత్రం గుండె నిండిపోయింది. "మీరు అడిగినందుకు సంతోషం. కానీ ఇవి ఫోన్లో అడిగే మాటలు కావు. మాది మర్యాద ఉన్న ఇల్లు. మీరు రండి. నా చేతి వంట తినండి. మీరేం వండుకొస్తారో నేనూ తింటాను. మా అన్నదమ్ములు ఉంటారు, వాళ్లూ నాలుగు ప్రశ్నలు అడుగుతారు. పిల్లను ఇవ్వాలో వద్దో అప్పుడు చెబుతాం."

"వస్తాను," అంది లొరెయిన్. "జూన్‌లో నేనూ వస్తాను."

ఫోన్ పెట్టేశాక ఆవిడ కోడలి వైపు తిరిగింది.  ఈసారి నిజంగానే భయపడుతూ అడిగింది.

"ఒకవేళ ఆవిడ ఇవ్వనంటే?"

జోవెలిన్ కళ్లు తుడుచుకుంది. ఆమె మొహంలో అంత గర్వం ట్రావిస్ పెళ్లినాడు కూడా చూడలేదు.

"మా అమ్మ కదా, ఒక్కసారికి ఒప్పుకోదు," అంది. "మీరు మళ్లీ వెళ్లి అడగాలి, అత్తయ్యా."