చింతపండుతో తోమిన ఇంజను

"ఎవరు తోమిండ్రు గివి?!"

ఖయ్యూం చాచా అరుపుకు కొట్టంలో బర్రెలు కూడా తలలెత్తి చూశాయి! శుక్రవారం నమాజు ముగించుకుని వచ్చిన ఆ ముసలి మెకానిక్కు, గౌలిపుర సందులోని బుచ్చమ్మ వాకిట్లో గోనెపట్టా ముందు కొయ్యబారిపోయాడు. పట్టా మీద లారీ ఇంజనులోంచి తీసిన పన్నెండు వాల్వులు తళతళలాడుతున్నాయి... పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, పెళ్ళిలో సారె పళ్ళేలు పేర్చినంత ముచ్చటగా!

"నేనే చాచా!" అంది అమల, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఆమె ముఖం మతాబులా వెలిగిపోతోంది. పెళ్ళయి మూడు నెలలు. ఈ ఇంట్లో పాల క్యాన్లను చింతపండుతో, బూడిదతో తోమి అద్దంలా మెరిపించడం ఆమెకు కొత్తగా వచ్చిన విద్య. చాచా, భర్త బాలరాజ్ బయటికి వెళ్ళగానే నల్లగా మసిపట్టిన ఆ ముక్కలన్నీ ముందేసుకుని తోమేసింది. అత్త బుచ్చమ్మ చూసి "శెభాష్" అంటుందని ఎంత ఆశపడిందో!

చాచా కూలబడ్డాడు. "తోమితే ఫికర్ లేదు బేటీ... వరుస పోయింది! ఎనిమిది లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి. ఏ వాల్వు కా వాల్వు, అది కూర్చునే సీటు మీదనే అరిగింది. ఇప్పుడు దీన్ని దాంట్ల పెడితే మూసుకోదు. గాలి లీకైతది."

అమల వాకిట్లో నిలిపిన లారీ వైపు చూసింది. అది మామగారు నడిపిన లారీ. ఆయన పోయాక బాలరాజ్ దాని మీదే బర్రెలకు గడ్డి తెస్తాడు, పాలు వేస్తాడు. కొన్నాళ్ళుగా నీలం పొగ కక్కుతూ డీజిలు కన్నా ఎక్కువ నూనె తాగుతోంది. గ్యారేజీలో అన్నీ కొత్తవే వెయ్యాలన్నారు. అంటే రెండు బర్రెల్ని అమ్ముకోవాలి! చాచా మాత్రం ఇంటికే వచ్చి, ఇంజను విప్పి, ఒక్కోటీ కొలిచి, "పొగ పోనీకె లైనర్లు, రింగులు కొత్తవి వేద్దాం. మంచిగున్నదాన్ని పారేసుడెందుకు?" అన్నాడు. ఆ మంచిగున్నవాటిలోనే ఈ వాల్వులూ ఉన్నాయి...

"డిగ్రీ చదివిన కోడలని మస్తు చెప్పుకున్నవు గదనే అమ్మా!" బాలరాజ్ అన్న భిక్షపతి పకపకా నవ్వాడు. "ఇంజనుకు పులుసు పెట్టింది! ఇగ లొల్లి ఎందుకు? ఐతారం తుక్కు సేటును తోల్కొస్త. తమ్ముడు కంపెనీ ట్రక్కు ఎక్కుతడు. నెలకు ఇరవై దినాలు నాగపూర్ దిక్కు..."

ఇరవై రోజులు! అమల అప్పుడే వచ్చిన భర్త వైపు చూసింది. బాలరాజ్ తల వంచుకున్నాడు. బుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా కొడుకు పొట్ట కొట్టినవ్ గదే..." అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట అమల గుండెలో ముల్లులా దిగింది. కళ్ళు నిండిపోయాయి. కానీ చెంపలు తుడుచుకుని, లారీకీ భిక్షపతికీ మధ్య వచ్చి నిలబడింది.

"అమ్మనియ్య బావా! చెడగొట్టింది నేను. బాగుచేసేది కూడా నేనే!"

"నువ్వా? ఏమిటితోని? సబ్బుతోనా?"

"చాచా, కొత్తవి కొనకుండ ఇంకో తరీఖా లేదా?"

చాచా గడ్డం గోక్కున్నాడు. "ఉంది. వాల్వుకు పేస్టు పూసి, దాని సీటు మీద చేత్తోని రుద్దాలె. రెండూ ఒకదానికొకటి కలిసిందాక. పన్నెండూ! నా భుజం పోయింది బేటీ, నాతోని కాదు. బాలరాజ్‌కు కింద రింగుల పని ఉంది."

"నా భుజాలు మంచిగనే ఉన్నయి" అంది అమల.

శనివారం పొద్దున్నే ఆమె ఇంజను పైనుంచి విప్పిన హెడ్డును, వాల్వుల సీట్లుండే ఆ ఇనప దిమ్మను, ముందేసుకుని వాకిట్లో కూర్చుంది. కొత్త పెళ్ళికూతురి గాజులు తీయకూడదని మోచేతుల దాకా తోసి బాలరాజ్ దస్తీతో కట్టుకుంది. చివర రబ్బరు కప్పున్న చిన్న కర్రను వాల్వుకు అతికించి, రెండు అరచేతుల మధ్య తిప్పడం... గర్ర్ గర్ర్... గర్ర్ గర్ర్... రెండు గంటలకు అరచేతులు బొబ్బలెక్కాయి! అయినా ఆపలేదు. లారీ కింద నుంచి బాలరాజ్ నూనె ముఖం బయటపెట్టి, "నీ చేతుల మంట సల్లారనీకె కాశీకి పోయి గంగనీళ్ళు తేవాల్నా?" అంటే నవ్వేసింది. మూడు పూర్తి చేసి చాచాకు చూపించింది. వాల్వు అంచున బూడిదరంగు గీత చుట్టూ తెగకుండా రావాలి. మూడింటికీ తెగింది.

గేటు దగ్గర భిక్షపతి చప్పట్లు కొట్టాడు. అమల పళ్ళు బిగించి మొదటి వాల్వే మళ్ళీ తీసుకుంది. కన్నీటిబొట్టు పేస్టులో పడింది. దాన్నీ కలిపి రుద్దింది!

"అట్ల ఒత్తితే వెన్న వస్తదా?"

వెనక్కి తిరిగితే బుచ్చమ్మ. చేతిలో చల్ల చిలికే కవ్వం, వేళ్ళకింకా మజ్జిగ తడి.

"భుజాలతోని కాదు బిడ్డా. అరచేతులల్ల తేలికగ తిప్పాలె. నడుమ నడుమ లేపి, జర జరిపి, మళ్ళ తిప్పాలె. జరుగు."

నలభై ఏళ్ళు చల్ల చిలికిన చేతులు! ఆ చేతుల్లో కర్ర గిరగిరా తిరుగుతుంటే చాచా నోరు తెరుచుకుని చూశాడు. మొదటి వాల్వు మీద గీత వచ్చింది... చుట్టూ, ఎక్కడా తెగకుండా! అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని, ఒకరు రుద్దుతుంటే ఒకరు పేస్టు పూస్తూ, సాయంత్రానికి పన్నెండూ ముగించారు. చాచా హెడ్డులో వాల్వులు బిగించి, లీకుందేమో చూడడానికి పైన కిరోసిన్ పోశాడు. పాల క్యాను కారుతోందేమో చూసినట్టే బుచ్చమ్మ అడుగున వేలు పెట్టి తడిమింది. ఒక్క చుక్క లేదు!

"నిన్న తిట్టిన..." అంది ఆమె, వేలు చూసుకుంటూనే. "నువ్వు తోమింది నా ఇంటి కోసమని నాకు సమజ్ కాలే."

"అత్తమ్మా!" అమల ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

ఆదివారం తుక్కు సేటు గేటు దాటుతుండగా బాలరాజ్ తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. తెల్లగా ఒక గుప్పెడు పొగ... భిక్షపతి నవ్వబోయాడు. అంతలో గుర్ర్‌మని అందుకుంది! పొగ పలచబడి, మాయమైంది. చాచా చేతులు పైకెత్తి, "రింగులు కొత్తవి, నెల దాక సగం లోడే ఎక్కించు!" అని అరిచాడు.

"మా కోడలు తోమిన ఇంజను" అంది బుచ్చమ్మ సేటుతో. "తుక్కు గావాల్నంటే ఇంకో ఇల్లు చూస్కో. భిక్షపతీ, ఆయనకు తొవ్వ చూపియ్యి!"

అమల క్యాబిన్‌లోకి ఎక్కబోయింది. మొదటి చక్కర్ జహనుమా బస్తీ దాకా తనతోనే అని బాలరాజ్ మాటిచ్చాడు మరి! బుచ్చమ్మ ఆమె కొంగు పట్టుకుని ఆపి, బొబ్బలెక్కిన అరచేతులకు వెన్న రాసి, వెనకున్న క్యాన్లు చూపించింది.

"పొయ్యి రా. వచ్చినంక అవి తోము బిడ్డా... ఏ వరుసల పెట్టినా ఏమనను!"