గీత లేవని శ్రోత

జలబస్సు పాత హార్బరు మలుపు తిరుగుతుండగా కాత్యాయని ఎడమ చెవి వెనక వెచ్చదనం పుట్టింది. ఎవరో ఆమె బాణీ వింటున్నారు. ఎవరో ఎక్కడో ఆ పల్లవి దగ్గర కరుగుతున్నారు. ఆమె చూపు నీళ్ళ మీదే ఉంది గానీ మనసంతా ఆ వెచ్చదనం మీదికి పోయింది. ఇంకా పెరుగుతుందా, ఇక్కడితో ఆగిపోతుందా అని ఎదురుచూస్తూ చుక్కాని కాస్త గట్టిగా తిప్పేసింది. వెంటనే కుడి చెవి వెనక సన్నగా సూదులు పొడిచినట్టయింది. అది ప్రయాణికుల భయం.

"మేడమ్, మలుపు గట్టిగా కోసీసేరు. ముసలోళ్ళు బెదిరిపోనారు," అన్నాడు టికెట్లు చూసే సింహాద్రి, వెనక నుంచి వచ్చి.

"తెలిసిందయ్యా," అంది ఆమె విసుగ్గా. అతను చెప్పకముందే తెలిసింది. స్పందిని ఉన్న ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

స్పందిని శెనగబద్దంత ఉంటుంది. చెవి వెనక చర్మానికి అంటుకుపోయి, మనిషి నరాల్లో కలిగే కదలికను పసిగట్టి, దానికి కారణమైన వారికి పంపిస్తుంది. అవతలివారి ఆనందం వెచ్చగా, విసుగు చల్లగా, భయమూ చిరాకూ పొడిచినట్టుగా తెలుస్తాయి. టీ కొట్టతనికి గ్లాసు కింద పెట్టకముందే తెలిసిపోతుంది. పాఠం చెప్పే టీచరుకు ఏ వాక్యం దగ్గర క్లాసు నిద్రలోకి జారిందో తెలుస్తుంది. విశాఖపట్నంలో పొగడ్తలూ ఫిర్యాదులూ రెండూ మూగబోయి రెండేళ్ళు దాటింది. అలవాటైనవాళ్ళకి అది హాయిగానే ఉంది. కాత్యాయనికి మాత్రం ఒక్క నిమిషం తీరుబడి లేకుండా పోయింది. జలబస్సు నడపడం ఆమె ఉద్యోగం. బాణీలు కట్టడం ప్రాణం. కుడి చెవి ఉద్యోగానికీ ఎడమ చెవి ప్రాణానికీ కేటాయించుకుని, రెండింటి మధ్యా రోజంతా ఉలిక్కిపడుతూ ఉండేది.

ఆ సాయంత్రం బాణీల బల్ల సమావేశం. నగరంలోని రేవులన్నిటిలో పడవ బయల్దేరే ముందు మోగించడానికి ఒక కొత్త బాణీ కావాలని జలబస్సుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. సభ్యుల బాణీల్లోంచి ఒకటి ఆ రోజే ఎంపికవుతుంది.

బాణీల బల్ల అంటే నిజంగా ఒక బల్లే. చేపల రేవు పక్కన మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఒక పొడవాటి చెక్కబల్ల. దాని చుట్టూ బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, కుట్టుమిషను వాళ్ళు, సంగీతం బతుకుతెరువు కానివాళ్ళంతా చేరి తాము కట్టుకున్న బాణీలు వినిపించుకునేవారు. మొదలుపెట్టింది పళ్ళ డాక్టరు భూషణం. ఒకప్పుడు అక్కడ గొడవలే గొడవలు. చరణం ఎందుకు పైకి లేచింది, తాళం ఎందుకు మారింది అని బల్ల గుద్ది మరీ వాదించుకునేవారు. అలిగి వెళ్ళిపోయి, వారం తిరక్కుండా కొత్త బాణీతో వచ్చేవారు. స్పందిని వచ్చాక ఆ చోటు సద్దుమణిగింది. బాణీ వింటారు, గోడ మీద అనుభూతి గీత లేస్తుంది, పడుతుంది. అయిపోయాక ఇళ్ళకు వెళ్ళిపోతారు.

ఆ సాయంత్రం తిరుమలరావు ఒక కొత్త ఏర్పాటు చేశాడు. బల్ల బాధ్యతలు ఇప్పుడు అతనివే. ఇన్నాళ్ళూ అందరి స్పందనా కలిపి ఒకే గీతగా కనిపించేది. ఈసారి ఎవరి గీత వారిదే, పక్కన పేరుతో సహా.

"నగరానికి పంపే బాణీ కదా, దాపరికం ఉండకూడదు," అన్నాడు. "పదేళ్ళు నా బాణీలన్నిటినీ మొహమాటానికి బాగున్నాయన్నారు మీరంతా. స్పందిని వచ్చిన మొదటి రోజే తెలిసింది నాకు నిజం. ఆ రాత్రి అన్నం తినలేదు. కానీ అప్పట్నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టాను."

ఆ మాటలో తప్పేమీ లేదు.

కాత్యాయని బాణీ మొదలైంది. గోడ మీద గీతలు మెల్లగా కదిలాయి. పల్లవి రెండోసారి వచ్చేటప్పటికి గుంపుగా పైకి లేచాయి. ఆమె చెవి వెనక ఎండ కాసినట్టుంది. ఎంపికైపోయిందని అర్థమైంది. అప్పుడు కనబడిందామెకు, గోడ అడుగున నేలబారుగా పరుచుకుని ఉన్న ఒక్క గీత. ఎక్కడా వణుకు లేదు, వంపు లేదు. పక్కన పేరు చదివింది. భూషణం.

తరవాతి బాణీకీ ఆ గీత లేవలేదు. ఆ తరవాతిదానికీ అంతే. బల్ల చుట్టూ తలలు ఒక్కొక్కటే ఆయన వైపు తిరిగాయి.

"స్పందిని పాడైనట్టుంది, డాక్టరు గారూ. నాది పెట్టుకోండి," అన్నాడు తిరుమలరావు, తనది ఊడదీస్తూ.

"వద్దు బాబూ. దానికేం కాలేదు," అన్నాడు భూషణం. గోడకేసి మరోసారి చూసి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, బయటికి నడిచాడు.

కాత్యాయనికి బాణీ కట్టడం నేర్పింది ఆయనే. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, కుర్చీలో భయం పోవడానికి కూనిరాగం తీస్తుంటే, "ఆ రాగం ఎక్కడిదమ్మా? నీదేనా?" అని అడిగినవాడు. ఆమె కట్టిన ప్రతి బాణీకీ గంటలకు గంటలు మాట్లాడినవాడు. ఆ మాటలన్నీ నటనేనా? మర్నాడు పొద్దున్నే డ్యూటీకి ముందు ఆయన ఇంటికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏటి బాబాయ్ ఇది? నా పాట వింటే మీకేమీ అవదా?"

"నీ పాటనే కాదమ్మా. ఏ పాట విన్నా అవదు."

తొమ్మిదేళ్ళ కిందట తనకొచ్చిన మెదడువాపు జ్వరం గురించి చెప్పాడాయన. జ్వరం తగ్గింది. మాట, చూపు, చేతిపని అన్నీ తిరిగొచ్చాయి. సంగీతం మాత్రం రాలేదు.

"స్వరాలు తెలుస్తాయి. ఏది పైది, ఏది కిందది అంతా తెలుస్తుంది. లోపల మాత్రం ఏటీ కదల్దు. మొదట్లో ఒక్కణ్ణీ కూర్చుని ఏడ్చీవాణ్ణి."

"మరి నాకు అన్నన్ని మాటలెలా చెప్పారు?"

"ఒకప్పుడు ఎలా ఉండీదో గుర్తుంది కదా. నువ్వు బాణీ ఇచ్చిన ప్రతిసారీ ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ వినీవాణ్ణి. ఈ మలుపు దగ్గర పాత భూషణం ఏమయ్యేవాడు అని ఆలోచించీవాణ్ణి. పడిపోయిన చేతిని రోజూ కదిలిస్తూ ఉంటారు చూడు, అలాగ."

"అంత కష్టపడి బల్ల దగ్గరికి ఎందుకొచ్చారు మరి?"

"నా మనుషులంతా అక్కడే ఉన్నారు. ఎక్కడికి పొమ్మంటావు?"

ఆమె కోపం సగం చల్లారింది. అప్పుడే ఆయన ఇంకో మాట అనేశాడు. "నిన్నటి బాణీ నీది కాదమ్మా. పల్లవి రెండోసారి అలా ఎందుకు లేపావు? జనం అక్కడ వేడెక్కుతారని ముందే తెలిసి లేపావు. ఈమధ్య అందరూ అక్కడే లేపుతున్నారు."

చల్లారిన సగమూ తిరిగి రాజుకుంది. ఏమీ అనుభవించలేని మనిషి తన బాణీని తప్పుపట్టడమా? "మీకెలా తెలుస్తుంది బాబాయ్?" అనేసి మెట్లు దిగింది. ఆ మాట ఆయనకు ఎక్కడ తగులుతుందో తెలిసే అంది.

తరవాతి సమావేశంలో తిరుమలరావు ఒక నియమం ప్రతిపాదించాడు. గీత లేవనివారు తమ బాణీలు వినిపించుకోవచ్చు, ఇతరుల బాణీలకు శ్రోతలుగా మాత్రం ఉండకూడదు. భూషణం పేరు ఎవరూ ఎత్తలేదు. ఒప్పుకోనివారిని చెయ్యి ఎత్తమన్నారు. కాత్యాయని చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

ఆమె బాణీ రేవుల్లో మోగడం మొదలైంది. తొలిరోజుల్లో పడవ కదిలే ముందు కుడి చెవీ ఎడమ చెవీ కూడా వెచ్చబడేవి. ఆమె ఉబ్బిపోయింది. కొన్నాళ్ళకు ఆ వెచ్చదనం పలచబడింది. వానాకాలం వచ్చేసరికి అసలు లేకుండా పోయింది. జనం ఆ బాణీని ఇంజను చప్పుడుతో పాటు వినడం మానేశారు. ఆమె మరొకటి కట్టింది, అందులోనూ పల్లవి రెండోసారి పైకి లేచింది. గీతలూ లేచాయి. వారానికే చల్లబడ్డాయి.

బల్ల దగ్గర కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. గీతలు ఇంటి నుంచే పంపవచ్చు కదా, అంతదూరం రావడమెందుకు? ఒక ఆదివారం ఆమె వెళ్ళేటప్పటికి తిరుమలరావు ఒక్కడే ఉన్నాడు. ఎవరైనా వస్తారేమో అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

ఆ వారమే ఆమె ఒక బాణీ కట్టింది. దేనికోసమూ కాదు, ఆగలేక కట్టింది. విన్నవాళ్ళందరి నుంచీ చలే వచ్చింది. మార్చింది, మళ్ళీ చలి. ఎత్తుగడ తిరగరాసింది, ముగింపు కత్తిరించింది. ఎడమ చెవి మంచుముక్క పెట్టినట్టే ఉంది. ఎక్కడ చెడిందో చలి చెప్పదు. అడిగితే జవాబివ్వదు. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగి తిరిగి, చివరకు సెలవు పెట్టి భూషణం ఇంటికి వెళ్ళింది.

ఆయన చిక్కిపోయాడు. తలుపు తీసి, ఏమీ జరగనట్టే, "వచ్చీసేవా, రా," అన్నాడు.

"కొత్తది కట్టాను బాబాయ్. ఎక్కడో తేడాగా ఉంది. వినండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు విన్నా లాభం లేదమ్మా. అక్కడికి రావద్దన్నాక వినడం మానీసేను. ఎవరికి చెప్పాలని వినాలి? మొన్నామధ్య రేవులో నీ బాణీ మోగుతోందని పక్కనున్నాయన చెప్పాడు. ఏది పైకి వెళ్తోందో, ఏది దిగుతోందో నాకు అంతుపట్టలేదు. గిన్నెలు దొర్లినట్టుంది. పాత భూషణం కూడా పోయాడు."

కాత్యాయని అక్కడే, గుమ్మం పక్క స్టూలు మీద కూలబడింది. తను ఎత్తని చెయ్యి వంక చూసుకుంది. క్షమించమని అడగబోయింది. అంతలో భూషణమే అన్నాడు.

"పోనీ, నువ్వు చెప్పు. నాకు వినబడనిది నువ్వు చెప్పు."

"ఏం చెప్పను?"

"మొదలెలా ఉంది?"

ఆమె నోరు తెరిచింది. తను కట్టిన బాణీ గురించి రెండేళ్ళుగా ఎవరికీ ఒక్క మాట చెప్పలేదని అప్పుడే గ్రహించింది. వెచ్చగా ఉందనీ చల్లగా ఉందనీ తప్ప ఇంకేమీ నోటికి రావడం లేదు. తడుముకుంది, సిగ్గుపడింది. సంచిలోంచి బాణీలు కట్టుకునే పెట్టె తీసి మోగించి, ఆపి, మళ్ళీ మోగించింది.

"వానా, ఉక్కా?" అన్నాడాయన, చిన్నపిల్లకు అందించినట్టు.

"ఉక్క," అంది. "గాలి ఆగిపోయింది. వాన పడేటట్టుంది గానీ పడలేదు."

"తరవాత?"

"పల్లవి దగ్గర పైకి లేస్తుంది."

"వాన పడిందా?"

"లేదు."

"మరి ఎందుకు లేచింది?"

అలవాటుగా లేచిందంతే. ఆ లేచే చోటు తీసేసింది. బాణీ కిందనే ఉండిపోయి, ఆగీ ఆగకుండా కదిలి, తెగిపోయింది. మోగించింది. భూషణం కళ్ళు మూసుకుని, ఏమీ అందని చప్పుడును చివరిదాకా విన్నాడు. ఆమె చెవి వెనక వెచ్చదనం లేదు, చలీ లేదు.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"అమ్మ పోయిన రోజు మధ్యాహ్నంలా ఉంది," అంది. అనేశాక తనే ఆశ్చర్యపోయింది. ఆ బాణీ దేని గురించో అంతవరకూ ఆమెకే తెలియదు. కళ్ళు తుడుచుకోలేదు.

భూషణం లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగేదాకా నిలబడ్డాడు.

"రేపు కూడా రా," అన్నాడు. "మాటలైతే గుర్తుంటాయి గానీ పాట నిలవదు నాకు. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి నువ్వు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరేం చేస్తున్నారు, అదంతా చెప్పాలి."

వస్తానంది. వీధిలోకి దిగి రేవు వైపు నడుస్తుంటే ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎదురొచ్చినవాళ్ళు కూనిరాగం తీస్తోందనుకున్నారు. ఆమె రేపటికి మాటలు వెతుక్కుంటోంది.