పొగమంచులో రెండు దీవులు

ఎవరెస్టును నేను చాయ్ చల్లారేలోపే ఎక్కి దిగాను. ఆక్సిజన్ లేకుండా, చెప్పులు కూడా లేకుండా! నవ్వకండి, ఎలాగో చెబుతాను.

మా గోదావరిఖని క్వార్టర్ల వెనుక, బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి గుట్టలు గుట్టలుగా ఉంటుంది. పక్కింటి కృష్ణప్రియ, ఆమె స్నేహితుడు ఖదీర్ బడి ఎగ్జిబిషన్ కోసం ఆ గుట్టలను చెక్క మీద తడిమట్టితో చేశారు. మా డాబా మీదే. అన్నిటికన్నా పెద్దదానికి ఎవరెస్టు అని పేరు పెట్టారు.

కృష్ణప్రియ స్కేలుతో కొలిచి, ఎవరెస్టుకు ఒకటో నంబరు జెండా గుచ్చింది. దాని భుజం మీది బొడిపెకు రెండోది. దూరంగా ఒంటరిగా ఉన్న గుట్టకు ఏమీ లేదు.

"గదొక గుట్టనా? ఉత్త బొడిపె!" అన్నాడు ఖదీర్, రెండో జెండాను చూపిస్తూ. "రెండోదంటే గా దూరంగున్న మా అబ్బా గుట్టనే. డంపర్‌తోని ఆయనే పోసిండు."

"స్కేలు అబద్ధం చెబుతుందా? మీది పొట్టిది."

ఖదీర్ కళ్లు తుడుచుకున్నాడు. "రేపు ఎగ్జిబిషన్‌కు నువ్వొక్కదానివే పో," అని మెట్లు దిగిపోయాడు.

తెల్లారి నేను డాబా మీద చాయ్ గ్లాసుతో కూర్చుంటే, కృష్ణప్రియ చిన్నబోయిన ముఖంతో వచ్చింది. కింద ఊరు లేదు, రోడ్డు లేదు. పొగమంచు సముద్రంలా పరుచుకుంది. షిఫ్టు సైరన్ ఆ సముద్రం అడుగు నుంచి మోగింది.

"పడవ ఎక్కు బిడ్డా. నీ రెండో నంబరు దీవి కాడ దించుత," అన్నాను.

కృష్ణప్రియ అసలు గుట్టల వైపు చూస్తూ వెతికింది. తెల్లటి నీళ్లలో రెండే దీవులు తేలుతున్నాయి. ఒకటి ఎవరెస్టు. ఇంకొకటి ఖదీర్ వాళ్ల గుట్ట.

"నా రెండోది ఏది తాతయ్యా?"

"ఎవరెస్టు భుజమెక్కి కూసున్నది సూడు."

నా రెండు వేళ్లను కాళ్లుగా చేసి మట్టిబొమ్మ మీద నడిపించాను. బొడిపె నుంచి గోరంత దిగితే చాలు, మళ్లీ ఎక్కుడే. అదిగో, ఎవరెస్టు శిఖరం! నేను ఎక్కింది అలాగే.

కృష్ణప్రియ తన వేళ్లను ఖదీర్ గుట్ట మీంచి బయల్దేరదీసింది. దిగింది, దిగింది. చెక్క తగిలాక గానీ ఎవరెస్టు మొదలు దొరకలేదు.

"అమ్మో, ఎంత దిగాలో! ఇది ఎవరినీ పట్టుకోకుండా నిలబడింది."

"కొండలు లెక్కగట్టేటోళ్లు ఎత్తొక్కటే కాదు, గీ దిగుడు గూడ సూస్తరు బిడ్డా."

రెండో జెండాను పీకింది. ఖదీర్ గుట్ట మీద తాను గుచ్చలేదు. పట్టుకొని మెట్లు దిగి, పొగమంచులో మునిగిపోయింది. కాసేపటికి ఖదీర్‌ను వెంటబెట్టుకొని తేలింది.

"నువ్వే గుచ్చు," అంది.

ఖదీర్ మెల్లగా గుచ్చాడు. "మా అబ్బా ఇంకా పోస్తనే ఉన్నడు. ఒకటో నంబర్‌ను గూడ దాటుతది, సూసుకో!"

"అప్పుడు మళ్లీ కొలుద్దాంలే. స్కేలుతోనూ, వేళ్లతోనూ."

ఇందులో ఒక్కటే నేను కల్పించింది. చాయ్ చల్లారేలోపే అన్నాను కదా? వాళ్లిద్దరినీ చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడో చల్లారిపోయింది.