గిడ్డంగిలో కుట్టుమిషను

పొద్దు వాలితే ఆ విత్తనాల గిడ్డంగి వైపు కుక్క కూడా పోదు. అది మూతపడి ఆరేళ్ళయింది. ట్రాక్టరాయన భార్య కాలవలో పడి చచ్చిపోయాక, దెయ్యమై అందులోనే కాపురం పెట్టిందని ఊరంతా చెప్పుకుంటారు.

ట్రాక్టరాయన మంచి పేరున్న మనిషి. భార్యను ఎంత ప్రేమగా చూసుకునేవాడంటే — బయటికెళ్తే ఇంటికి తాళం వేసి వెళ్ళేవాడు. ఆమె ఫోను ఆయన జేబులోనే. నీళ్ళకెళ్తే పది నిమిషాలు. పదకొండో నిమిషమైతే మర్నాడు ఆమె ముఖం వాచి ఉండేది. "గుమ్మం తగిలింది" అనేది. ఆ ఇంటి గుమ్మాలు అంత పొట్టివని ఊరు నమ్మింది.

మా బావ లైన్‌మన్. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

ఓ వానరాత్రి గిడ్డంగి వెనకున్న ట్రాన్స్‌ఫార్మరులో ఫ్యూజు పోయింది. వెళ్ళక తప్పలేదు. నిచ్చెన ఎక్కుతుంటే లోపల్నుంచి... టకటకటక... ఆగింది. మళ్ళీ టకటక...

కుట్టుమిషను!

దెయ్యాలకు బట్టలతో పనేమిటి? నిచ్చెన దిగి, కిటికీ సందులోంచి టార్చి వేశాడు.

ఆమే!

"అన్నయ్యా... కళ్ళల్లో వెయ్యకు. సూది మీద వెయ్యి," అంది గుసగుసగా.

"నువ్వు... చచ్చిపోయావు కదమ్మా?"

"పారిపోయాను. పరువు పోతుందని, కాలవలో పడ్డానని ఆయనే ఊరికి చెప్పుకున్నారు."

"మరి తిండీ తిప్పలూ?"

"రోజూ వదినే తెస్తోంది, కుట్టాల్సిన బట్టలతో పాటు. నీకు చెప్పలేదా?"

వదినంటే మా అక్క. బావకు దెయ్యాన్ని చూసినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ చెమట పట్టింది.

"మీ ఆయనకు తెలిస్తే?"

"తెలుసు. పోయిన నెల కర్ర పట్టుకుని తలుపు దాకా వచ్చారు. 'నేనున్నానని తెలిసిన ఆడవాళ్ళు పన్నెండుమంది. నామీద చెయ్యి పడిందా, మీరు గుండెలు బాదుకున్నది ఉత్త నాటకమని ఊరంతా తెలుస్తుంది' అన్నాను. ఒళ్ళంతా వణికిందన్నయ్యా... కానీ వెళ్ళిపోయారు."

బావ తల దించుకున్నాడు. ఆ వాచిన ముఖం తనూ చూశాడు. గుమ్మమేనని తనూ నమ్మాడు.

ఫ్యూజు వేసి, చప్పుడు చేయకుండా వచ్చేశాడు.

మర్నాడు టీకొట్టు దగ్గర అందరూ చుట్టుముట్టారు. "రాత్రి అటెళ్ళావటగా! కనిపించిందా?"

మూల బల్ల మీద ట్రాక్టరాయన చేతిలో గ్లాసు ఆగిపోయింది.

బావ అతని కళ్ళల్లోకే చూస్తూ అన్నాడు. "కనిపించింది. జుట్టు విరబోసుకుని... పళ్ళు ఇంతింత..."

అందరూ ట్రాక్టరాయన వైపు తిరిగారు. పాపం, ఏమంటాడు?

"నిజమే," అన్నాడు. "నేనూ చూశాను... ఎవరూ అటు వెళ్ళకండి."