గొంతులో వేరు

ఆదివారం ప్రార్థన వేళకి మా ఇంటి వెనక గోతిపొయ్యిలో పెండలం దుంపలూ పందిమాంసమూ మగ్గుతుంటాయి. ఆ పొగ చర్చి దాకా వస్తుంది. మా టోంగాలో పాడలేని మగాడంటే అందరికీ లోకువే. ముప్పై ఏళ్ళు దాటేదాకా నేను పాడి ఎరగను. పాట సంగతి దేవుడెరుగు, నా పేరు నేను చెప్పుకోవాలన్నా ప్రాణం మీదికొచ్చేది. నత్తి.

మా నాన్న మనాసే చర్చిలో పాటకి పెట్టింది పేరు. ఆయన గొంతు దించి అందుకుంటే బల్లలు అదిరేవి. "మా లోపెటి కూడు పెట్టమని అడగడం పూర్తయ్యేలోపు కొబ్బరిమొక్క కాపుకొస్తుంది" అని నన్ను చూపించి పదిమందిలో అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంకేం చెయ్యను?

ఆయన పోయినప్పుడు పెద్దకొడుకుగా సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పాల్సింది నేను. "మా... మా..." దగ్గరే ఆగిపోయాను. చివరికి పాస్టరుగారు జాలిపడి పాట అందుకున్నారు.

ఏడాది తర్వాత ఓ ఆదివారం, అందరితోపాటు ఉత్తుత్తినే పెదవులు ఆడిస్తున్నాను. ఉన్నట్టుండి గొంతు పెగిలింది. నాన్న గొంతు. అదే బరువు, అదే జీర. ముందు వరుసలోంచి మా మేనత్త వికా గిర్రున వెనక్కి తిరిగింది.

ఆ రోజుతో నత్తి పోయింది. నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు పిలిచి మరీ కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. "ఇన్నాళ్ళూ మూగమొద్దుతో కాపురం చేశాను, ఇప్పుడు నోరు మూయించలేక చస్తున్నా" అని నా భార్య ఫుసి మురిసిపోయేది. తండ్రి పోయాక మనిషయ్యాడన్నారు ఊళ్ళోవాళ్ళు. నిజమే, మనిషినయ్యాను. ఆ గొంతు నాకు దక్కింది, దాన్ని ఎవరికీ తిరిగిచ్చేది లేదు.

కానీ అదే వారం నొప్పి మొదలైంది. గొంతు లోపల సన్నగా ఏదో పాకుతున్నట్టుండేది. మింగితే మట్టి వాసన. ఆస్పత్రిలో చూసి ఏమీ లేదన్నారు.

కనిపెట్టింది మాత్రం వికా అత్త. మాలో అన్న పిల్లల మీద మేనత్త పెత్తనానికి తిరుగులేదు. ఆవిడ మాటంటే మాటే.

"ఒరేయ్, గొంతొచ్చిందీ నొప్పొచ్చిందీ ఒక్కసారేగా?"

"అయితే?"

"మా అన్నని లోపల ఏదో గుచ్చుతోందిరా. పోయినవాళ్ళ ఎముకలకి ఎక్కడ బాధైతే బిడ్డలకి అక్కడే నొప్పి. సమాధి తెరిచి సరిచెయ్యాలి."

"నాకే నొప్పీ లేదత్తా."

"ఓహో. గొంతుతోపాటు అబద్ధాలు కూడా వచ్చాయన్నమాట!"

వాన వెలిసిన తెల్లవారుజామున వెళ్ళాం. నా తమ్ముళ్ళిద్దరూ ఇసుక తోడి దూరంగా జరిగారు. ఎముకలు ముట్టుకోవలసింది అత్త. ఆవిడ గోతిలోకి దిగింది, వెనకే నేనూ దిగాను. తడి ఇసుక వాసన. శవానికి చుట్టిన చాపలు కుళ్ళిన వాసన. వాటి మధ్య కొబ్బరినూనె వాసన... ఇప్పుడే ఒంటికి రాసుకున్నట్టు, తాజాగా.

అత్త అరచేత్తో ఇసుక తుడిచింది. నుదురు. కళ్ళ గుంటలు. తర్వాత నోరు...

నోరు తెరుచుకుని ఉంది. గడ్డానికి గుడ్డ కట్టి, మూసి పాతిపెట్టాం. ఇప్పుడు పళ్ళ మధ్యనుంచి తెల్లటి చెట్టు వేరు ఒకటి లోపలికి దిగి ఉంది, చిటికెన వేలంత లావున. ఆ చుట్టుపక్కల చెట్టన్నదే లేదు.

అత్త దాన్ని వేలితో కదిపింది.

నా గొంతులో కదిలింది.

"అయ్యో అన్నా..." అంటూ చాకు తీసి ఒక గాటు పెట్టింది. నా నొప్పి సగం దిగిపోయింది. ఎంత హాయి! ఆ హాయిలోనే, గొంతు కూడా పోతుందేమోనని ఆగమనబోయాను.

"ఆ... ఆ... ఆగ..."

నత్తి. మళ్ళీ ఆ బతుకా? మళ్ళీ ఆ నవ్వులా? అత్త చెయ్యి పట్టేసుకున్నాను. మేనత్త మీద చెయ్యి వెయ్యడం మాలో మహాపాపం. తెలిసే పట్టుకున్నాను.

"వదలరా," అంది గుసగుసగా. "మా అన్నని పడుకోనియ్యి."

"వ... వద్..."

అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"కొయ్యి చెల్లీ..."

నేను కాదు. నాన్న.

"నొప్పి, చెల్లీ... వీడు పాడించుకుంటూనే ఉన్నాడు... కొయ్యి..."

అత్త నా నోటికేసి చూసింది. ఆ ఎముకల నోటికేసి చూసింది. నా నోరు బతిమాలుతూనే ఉంది. నా చెయ్యి మాత్రం ఆవిడ మణికట్టుని వదల్లేదు. ఇంకా బిగించింది. చాకు జారి కింద పడింది.

సగం తెగిన వేరు మీద ఇసుక నేనే కప్పాను. పైన తెల్ల ఇసుక పరిచి, రెండు చేతులతో గట్టిగా నొక్కాను.

"అయిపోయిందా అన్నా?" అన్నారు తమ్ముళ్ళు.

"అయిపోయింది" అన్నాను, ఖంగుమని.

అత్త ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా గడప తొక్కడం మానేసింది. ప్రార్థనకి కూడా పక్క ఊరి చర్చికి వెళుతోంది. వెళ్ళనీ. బతికున్నన్నాళ్ళూ ఆయన నన్ను నవ్వులపాలు చేశాడు, పోయాక నాలుగు రోజులు నాకోసం పాడితే తప్పా? నాకు నేనే ఈ మాట చెప్పుకుంటాను. చెప్పుకున్నా నిద్ర పట్టదు.

మొన్న ఆదివారం నొప్పి మరీ ఎక్కువైంది. చివరి చరణం నా వల్ల కాలేదు. పళ్ళు బిగించి, నోరు మూసుకుని నిలబడ్డాను.

ఇంటికొస్తుంటే ఫుసి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చివరి చరణం ఎంత బాగా పాడావయ్యా! చర్చి చర్చంతా ఏడ్చింది."

నేను నడక వేగం పెంచాను.

"అవునూ..." అంది నడుస్తూ, "ఆ చరణంలో 'చెల్లీ' అన్న మాట ఎక్కడుంది?"