ఉంచమన్న మజ్జిగ

జ్ఞానప్రసూనాంబ గారికి సేవంటే ప్రాణం. ఫొటో తీసేవాడు పక్కనుంటే మరీ ప్రాణం. గుంటూరులో పేరున్న ప్లీడరు అనంతపద్మనాభం గారి భార్య ఆవిడ. ఎనభైల్లో ఒక ఎండాకాలం ఎక్కడినుంచో ఒక పెద్దావిడ ఊరికొచ్చి, పట్నాల్లో మంటలార్పే వాళ్ళకి ఆడవాళ్ళే స్వయంగా వెళ్ళి కాఫీలూ టిఫిన్లూ అందిస్తారని ఉపన్యాసమిచ్చింది. వారం తిరక్కుండా ప్రసూనాంబ గారు మహిళా మజ్జిగ సేవ పెట్టేశారు. ప్రారంభోత్సవానికి పట్టుచీరలు చాలానే వచ్చాయి. ఆ తర్వాత ఎండకి భయపడి ఒక్క చీరా గడప దాటలేదు. మజ్జిగ చిలికేది వంటమనిషి సుబ్బరావమ్మ, అండా కారులోకి మోసేదీ సుబ్బరావమ్మే. బ్యానరు మీద పేరు మాత్రం అమ్మగారిది.

ఆ సేవకో పద్ధతుండేది. ఆఫీసర్లకి స్టీలు గ్లాసులు. వాటి మీద ప్రసూనాంబ గారి పేరు చెక్కించి ఉండేది. ఫైర్‌మన్‌లకి దోసిలి. వాళ్ళు వంగి చేతులు పడితే, ఆవిడ చెంబు మూరెడు ఎత్తున పట్టుకుని ధారగా పోసేవారు. "ఒకరి ఎంగిలి ఒకరికి అంటకూడదండీ, ఆరోగ్యం," అనేవారు అడిగినవాళ్ళతో. ఆ ఆరోగ్యం ఆఫీసర్లకి ఎందుకక్కర్లేదో అడిగే ధైర్యం ఎవరికుంది? పోసేటప్పుడు ఆవిడ మొహాలు చూసేవారు కారు. చేతులే చూసేవారు.

ఆ రోజు మధ్యాహ్నం నల్లపాడు అవతల మిరపకాయల గోడౌను అంటుకుంది. ఇంట్లో తిరగమోతలో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది. అక్కడ గోడౌను నిండా బస్తాలు కాలుతున్నాయి. పొగ ఎర్రగా లేచి, నల్లబడి, రోడ్డు మీదికి వాలింది. మిట్టమధ్యాహ్నం కాస్తా మునిమాపులా అయిపోయింది. కాకి అరుపు కూడా లేదు. పెంకులు పగులుతున్న చప్పుడు, దగ్గులు, నీళ్ళు సుయ్యిమంటూ ఆవిరైపోతున్న చప్పుడు, అంతే.

ప్రసూనాంబ గారు కారు దూరంగా ఆపించి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చెట్టు కింద బల్ల వేయించారు. సుబ్బరావమ్మ అండా దించింది. అల్లం, కరివేపాకు దంచి వేసిన చల్లటి మజ్జిగ. అప్పుడు పొగలోంచి ఒక ఫైర్‌మన్ తూలుకుంటూ వచ్చాడు. పేరు మరియదాసు. కళ్ళు చింతనిప్పులు. గొంతు పెగలక, బుట్టలో ఉన్న స్టీలు గ్లాసు మీద చెయ్యి వేశాడు.

"ఏయ్! ముట్టుకోకు. అవి ఆఫీసర్లకి," అన్నారు ప్రసూనాంబ గారు.

అతను చెయ్యి తీసేసి, వంగి దోసిలి పట్టాడు. ఆవిడ చెంబు ఎత్తారు. ఎత్తి, రోడ్డు వంక చూశారు. ఫొటోగ్రాఫరు గౌస్ బాషా సైకిలు ఇంకా రాలేదు. తొలి మజ్జిగ ఆఫీసరు గారికిస్తుండగా ఫొటో పడాలని ఆవిడ కోరిక. ఈలోగా అండా కదిపితే తరిగిపోదూ!

"కాస్త ఆగు నాయనా. ఫొటో తీసే అతను వచ్చేస్తున్నాడు."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు, చెంబు అతని చేతుల మీదే ఉంది, వంగలేదు. సుబ్బరావమ్మ ఉండబట్టలేక "ఒక్క గుక్క పొయ్యండమ్మగారూ, పాపం," అంది. ఆవిడ ఉరిమి చూశారు. అంతలో గోడౌను దగ్గర ఈల మోగింది. మరియదాసు ఖాళీ దోసిలి విప్పేశాడు.

"వచ్చి తాగుతానమ్మగారూ... నా వంతు ఉంచండి."

"ఉంచుతాలే, వెళ్ళు."

అతను పొగలోకి వెళ్ళిపోయాడు. తర్వాత గౌస్ బాషా వచ్చాడు. ఆఫీసరు గారు వచ్చారు. గ్లాసు అందిస్తూ ప్రసూనాంబ గారు నవ్వారు, పక్కకి తిరిగి మళ్ళీ నవ్వారు. ఆ రెండో నవ్వుకి ఫొటో పడింది. అప్పుడే గోడౌను వెనక గోడ కూలింది. నేల అదిరింది. కేకలు, పరుగులు. ఆఫీసరు గ్లాసు బల్ల మీద పడేసి పరిగెత్తాడు. సుబ్బరావమ్మ, గౌస్ బాషా కూడా అటే వెళ్ళారు. ప్రసూనాంబ గారు బల్ల దగ్గరే ఉండిపోయారు, పట్టుచీరకి మసి అంటుతుందని.

పొగ బల్ల దాకా వచ్చింది. ఏమీ కనబడటం లేదు. ఆ పొగలోంచి రెండు చేతులొచ్చాయి. దోసిలి పట్టి ఉన్నాయి.

ఆవిడ అలవాటు ప్రకారం చెంబు ఎత్తి పోశారు. ధార పడింది. గుటక చప్పుడు వినిపించింది. చెంబు ఖాళీ అయింది. చేతులు కదల్లేదు. మళ్ళీ ముంచి పోశారు. మళ్ళీ గుటక... గుడగుడమని... మంగళగిరి పానకాలస్వామి నోట్లో పానకం పోస్తే వచ్చే చప్పుడే. ఆ స్వామైనా సగం తాగి సగం మనకి వదిలేస్తాడు. ఇక్కడ ఒక్క చుక్క వేళ్ళ సందుల్లోంచి కారలేదు. కింద మట్టి పొడిగా ఉంది.

అప్పుడు ఆవిడ ఆ చేతుల్ని సరిగ్గా చూశారు.

గోళ్ళు నల్లగా ఉన్నాయి. చర్మం గ్లవుజులా జారి వేలాడుతోంది. మజ్జిగ తగిలిన చోటల్లా ఆవిరి... మిరప ఘాటు కాదు, ఇంకేదో వాసన.

"ఇంకా..." అంది గొంతు. గుసగుసగా.

ఆవిడ తల ఎత్తలేదు. ఖాకీ చొక్కా గుండీల దాకా చూశారు. ఆ పైకి చూడటానికి మెడ లేవలేదు. ముంచారు... పోశారు... ముంచారు... అండా అడుగున చెంబు ఠంగుమంది.

"ఇంకా..."

"ఎవరికి పోస్తున్నారమ్మగారూ?" తిరిగొచ్చిన సుబ్బరావమ్మ వెనకనుంచి అడిగింది. ఎదురుగా ఎవరూ లేరు. "అండా నిండుగా ఉండిందే! ఎవరు తాగారంతా?"

కాసేపటికి మరియదాసుని మోసుకొచ్చారు. గోడ కూలిన క్షణంలోనే పోయాడన్నారు. ఒళ్ళంతా దుప్పటి కప్పారు గానీ చేతులు లోపల ఇమడలేదు. దోసిలి పట్టినట్టే బిగుసుకుపోయి, దుప్పటి బయటికి చాచుకుని ఉన్నాయి.

ఆ రోజు నుంచి ప్రసూనాంబ గారి గొంతులో మిరప ఘాటు దిగలేదు. కుండలు కుండలు తాగినా మంటే. తులసికోటలో నీళ్ళు పోస్తే మట్టి తడిసేది కాదు. భర్త చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తే, ఆయన చేతులు పొడిగానే ఉండేవి. ప్లీడరు గారు "ఎండదెబ్బే" అని తీర్పు చెప్పేసి కోర్టుకెళ్ళిపోయారు. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, గొంతులో ఏమీ లేదన్నాడు. ఆవిడ రోజురోజుకీ వడిలిపోతున్నారు. ఇలాగే ఉంటే ప్రాణం నిలవదని ఆవిడకే తెలిసిపోయింది.

సుబ్బరావమ్మ ఒకటే చెప్పింది. "ఉంచుతానన్నారు కదమ్మగారూ. మీ స్టీలు గ్లాసు నిండా మజ్జిగ పోసి, అతని సమాధి దగ్గర మీ చేత్తో పెట్టి రండి. శాంతిస్తాడు."

"వాళ్ళ పేటకి నేను వెళ్ళడమేమిటే? నలుగురూ చూస్తే! పైగా ఆ గ్లాసు మళ్ళీ ఇంట్లో పెట్టుకుంటామా?" అన్నారు ప్రసూనాంబ గారు. ప్రాణం పోతున్నా గ్లాసు పోకూడదు. ఇలాంటి వాళ్ళని ఏమనాలో నాకు తెలుసు గానీ, రాయడం బాగుండదు.

ఆవిడ మంగళగిరి వెళ్ళారు. పొద్దున్నే కొండెక్కి, బిందెడు పానకం సమర్పించారు. పూజారి శంఖంతో స్వామి నోట్లో పోశాడు. గుడగుడమంది, సగానికి ఆగింది. మిగిలిన పానకం ప్రసాదంగా అందరి చేతుల్లో పోస్తున్నాడు. వరుసలో నిలబడి ప్రసూనాంబ గారూ దోసిలి పట్టారు. జన్మలో మొదటిసారి, వంగి.

పూజారి ధారగా పోశాడు. ఆవిడ చేతుల్లో ఏమీ పడలేదు. మళ్ళీ పోశాడు. చేతులు ఎండిపోయే ఉన్నాయి. కింద రాయి కూడా ఎండిపోయే ఉంది. ఆవిడ గొంతు మండిపోతోంది.

"నాకు... నాకు పొయ్యండి స్వామీ," అన్నారు, ఏడుపు గొంతుతో.

పూజారి తలెత్తలేదు. పోసేవాడికి చేతులు తప్ప మొహాలెందుకు? "తొందరపడకండమ్మా. మీ చేతుల మీద ఆయన చేతులు పెట్టి ఉన్నాడుగా. ముందు ఆయన్ని తాగనివ్వండి," అన్నాడు. మరో శంఖం పోసి, జాలిగా అడిగాడు.

"పాపం... అంతలా ఎలా కాలాయమ్మా, ఆ చేతులు?"

వెనక వరుసలో ఒక్కొక్కరే దగ్గడం మొదలుపెట్టారు.