పాత తేదీ పాలపొడి

గూఢచారి డేగ చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అందులోంచి చీఫ్ గొంతు వినిపించింది.

"పదకొండుకి కాన్వాయ్ కదుల్తుంది. సరుకుల్లో ఎవరో విషం కలిపారు. దేంట్లోనో తెలీదు."

"లారీలు ఆపేద్దామా సార్?"

"ఆపితే కొండ మీద పోస్టుకి రేపటికి తిండి లేదు. నాలుగు దేశాల జవాన్లు, మూడొందల మంది. వాళ్లు పడిపోతే అవతలి ముఠా గంటలో ఊళ్ల మీద పడుతుంది. మన ఏజెంట్ నెమలి వస్తోంది. ఇద్దరూ కలిసి తేల్చండి."

ఆ మూడొందల మందిలో డేగ తమ్ముడొకడు. ఆ సంగతి చీఫ్ ఎత్తలేదు, డేగా ఎత్తలేదు. టైము పది నలభై.

మూడు నెలలుగా డేగది ఈ సప్లై డిపోలో స్టోర్‌కీపర్ వేషం. నిజం చెప్పొద్దూ, ఇంత చాకిరీ అతను ఏ మిషన్‌లోనూ చేయలేదు. పాత సరుకు ముందు పోవాలి, కొత్తది తర్వాత అనే ఒక్క నియమం కోసం ముసలి మేస్త్రీ చేత రోజూ చీవాట్లు తిన్నాడు.

నెమలి ఇన్‌స్పెక్టర్ వేషంలో కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. గోడౌన్ మొత్తం పని ఆపి చూసింది.

"ఎండ మండిపోతోంది," అన్నాడు డేగ.

"గొడుగు మర్చిపోయాను." కోడ్ సరిపోయింది. "నా అనుమానం మంచినీళ్ల ట్యాంకర్ మీద. పదండి."

నాలుగడుగులు వేసి డేగ ఆగిపోయాడు. లారీకెక్కిస్తున్న పాలపొడి డబ్బాల మీద ఈ నెల తేదీ ఉంది. పోయిన నెలవి గోడ వారనే పడున్నాయి.

"వరస ఎవరు మార్చారు మేస్త్రీ?"

"ఈ మేడమే పొద్దున ఆఫీసుకి ఫోన్ చేసి మార్చమన్నారంట బాబూ. నాకు ఒళ్లు మండిపోయింది."

నెమలి నవ్వింది. "పాపం జవాన్లు, తాజావి ముందు పంపొద్దూ?"

సరుకులు చూసే ఇన్‌స్పెక్టర్ ఎవరూ అనని మాట అది. డేగ ఈ నెల డబ్బా ఒకటి కోసి, ఫ్లాస్కులోని వేడి నీళ్లలో పొడి కలిపి ఆమె ముందు గ్లాసు పట్టాడు.

"ఒక్క గుక్క, మేడమ్."

ఆమె గ్లాసు అందుకోలేదు. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి అతని గుండెకి గురిపెట్టింది. దాని చివర సన్నటి తుపాకీ గొట్టం. మేస్త్రీ భుజం మీది బియ్యం బస్తా దభీమని ఆమె చేతి మీద పడింది. లిప్‌స్టిక్ ఎగిరిపడింది, కూలీలు ఆమెని పట్టేసుకున్నారు.

బయట లారీ కదిలింది.

"గేటు దించండి!" డేగ గేటు కాపలావాడికి వినపడేలా అరిచాడు. గేటు గొట్టం లారీ బానెట్‌ని రాసుకుంటూ దిగింది. టైము పది యాభై తొమ్మిది. పాత డబ్బాలు ఎక్కించుకుని కాన్వాయ్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది.

వారం తర్వాత తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అన్నయ్యా, డిపోలో ఎవడో మహానుభావుడు మాకెప్పుడూ పాత పాలపొడే పంపుతున్నాడు. వాడు దొరికితే చెప్పు."

డేగ జవాబు రాశాడు. "దొరకడు. నోరు మూసుకుని తాగు."